అంటోన్ మకరెంకో

అంటోన్ సెమ్యొనోవిచ్ మకరెంకో (మార్చి 13, 1888 - ఏప్రిల్ 1, 1939) ఉక్రెయిన్‌లో జన్మించిన సుప్రసిద్ధ సోవియట్ విద్యావేత్త, రచయిత. బాల నేరస్థుల కోసం, వీధిబాలల కోసం ఏర్పడిన రెండు సంస్థలను, అనగా గోర్కీ కాలనీని, జెర్జిన్‌స్కీ కమ్యూన్‌ను నడిపి ప్రఖ్యాతి పొందాడు. కావలివాళ్ళు, ప్రహరీగోడలు లేకుండా బాల నేరస్థులను సంస్కరించవచ్చునని నిరూపించే ప్రయత్నం చేశాడు. ఈ ప్రయత్నంలో వ్యవసాయం, చేతిపనులు, నాటకాలతో పాటు పుస్తక పఠనానికి కూడా ముఖ్యమైన స్థానం ఉంది. తన కాలనీ అనుభవాల ఆధారంగా ఆయన వ్రాసిన "బోధనా కావ్యం" అనే నవల అనేక భాషలలోకి అనువదింపబడింది.

బాల్యము, విద్య

మకరెంకో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ రాష్ట్రానికి చెందిన బెలోపోల్యె పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం నేటి ఉక్రెయిన్‌లోని సుమీ ప్రాంతంలో ఉంది. తండ్రి సెమ్యోన్ గ్రిగోర్యెవిచ్ రైల్వే కర్మాగారంలో రంగులు వేసే పనివాడు. తల్లి తాత్యానా మిహైలోవ్నా. బాల్యంలో మకరెంకో తరచు జబ్బుపడేవాడు. చూపు కూడా మందంగా ఉండేది. తోటి పిల్లల ఆటలలో చేరలేక పుస్తకాలకు దగ్గరయ్యాడు. ఐదేళ్ళకే చదవడం నేర్చుకున్నాడు.

తరువాత వీరి కుటుంబం ద్నీపర్ నది ఒడ్డునున్న క్రెమెంచుగ్ నగర శివారు క్ర్యూకోవ్‌కు తరలి వెళ్ళింది. మకరెంకో క్రెమెంచుగ్‌లో పట్టణ పాఠశాల చదువు ముగించి, ఒక సంవత్సరం ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1905లో తన 17వ ఏట క్ర్యూకోవ్ రైల్వే పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. 1911 నుండి 1914 వరకు దోలిన్‌స్కయా స్టేషనులోని రైల్వే పాఠశాలలో పనిచేశాడు. 1914లో పోల్టావాలోని ఉపాధ్యాయ విద్యాసంస్థలో చేరి, 1917లో బంగారు పతకంతో ఉత్తీర్ణుడయ్యాడు. మధ్యలో 1916లో సైన్యంలోకి తీసుకున్నారు గానీ, చూపు మందంగా ఉన్న కారణంగా కొద్ది నెలలకే విడిచిపెట్టారు.

చిన్ననాటి నుండి ఆయనకు రచయిత కావాలనే కోరిక ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఒక కథ వ్రాసి ప్రసిద్ధ రచయిత మాక్సిం గోర్కీకి పంపాడు. కథా వస్తువు బాగున్నదనీ, కథనం బలహీనంగా ఉన్నదనీ గోర్కీ జవాబు వ్రాశాడు. దానితో మకరెంకో చాలాకాలం కథలు వ్రాయడం మానేసి ఉపాధ్యాయ వృత్తికే అంకితమయ్యాడు. "అమ్మ" నవల ద్వారా తెలుగు పాఠకులకు చిరపరిచితుడైన ఈ గోర్కీయే తరువాతి కాలంలో మకరెంకో జీవితాన్ని మలుపు తిప్పాడు.

బాల నేరస్థుల కాలనీ

మొదటి ప్రపంచ యుద్ధం, 1917 విప్లవం, ఆ తరువాతి అంతర్యుద్ధం, 1921-22 నాటి కరువు వలన సోవియట్ దేశంలో లక్షలాది పిల్లలు తల్లిదండ్రులను, ఇళ్ళను కోల్పోయారు. వీరు రైల్వే స్టేషన్లలోను, వీధులలోను తిరుగుతూ దొంగతనాలతో పొట్టపోసుకునేవారు. కొందరు దారిదోపిడీ ముఠాలలో కూడా చేరారు. ఇటువంటి పిల్లల కోసం 1920లో పోల్టావా విద్యాశాఖ ఒక కాలనీని స్థాపించి, దాని బాధ్యతను మకరెంకోకు అప్పగించింది.

కాలనీకి కేటాయించిన స్థలం పోల్టావాకు సుమారు 6 కిలోమీటర్ల దూరంలో, ఖార్కోవ్ వెళ్ళే రహదారి ప్రక్కన ఉంది. విప్లవానికి పూర్వం కూడా అక్కడ బాల నేరస్థుల సంస్థ ఒకటి ఉండేది. అది మూతబడిన తరువాత చుట్టుప్రక్కల వారు తలుపులు, కిటికీలు, పొయ్యిలతో సహా అన్నిటినీ తీసుకుపోయారు. తోటలోని పండ్ల చెట్లను కూడా పెకలించుకుపోయారని మకరెంకో వ్రాశాడు. 1920 డిసెంబరులో మొదటి ఆరుగురు కుర్రవాళ్ళు వచ్చేనాటికి అక్కడ ఉన్నవారు మకరెంకో, ఇద్దరు ఉపాధ్యాయినులు, సరకుల వ్యవహారం చూసే ఒక వృద్ధుడు మాత్రమే.

వచ్చినవారిలో నలుగురు దాదాపు 18 ఏళ్ళ యువకులు. సాయుధ దోపిడీలలో పట్టుబడినవారు. వీరు ఉపాధ్యాయుల మాట వినేవారు కాదు, పనిచేసేవారు కాదు. రాత్రిళ్ళు బయటికి పోయి తెల్లవారేసరికి తిరిగి వచ్చేవారు. వచ్చిన వారం రోజులకే ఒకడిని దోపిడీ, హత్య కేసులో అరెస్టు చేశారు. ఆ శీతాకాలంలో మకరెంకో బోధనాశాస్త్ర గ్రంథాలెన్నో తిరగవేశాడు గానీ, తన ఎదుట ఉన్న సమస్యకు వాటిలో సమాధానం దొరకలేదు.

ఒకరోజు వంటింటికి కట్టెలు కొట్టుకురమ్మంటే జాదోరోవ్ అనే యువకుడు నిర్లక్ష్యంగా జవాబు చెప్పాడు. మకరెంకో నిగ్రహం కోల్పోయి అతడిని కొట్టాడు. ఆ తరువాత అందరూ కలిసి అడవికి వెళ్ళి కట్టెలు కొట్టారు. ఈ సంఘటనను ఆయన తన పుస్తకంలో దాచకుండా వ్రాశాడు. కొట్టడం ఒక పద్ధతి కాదనీ, అది ఉపాధ్యాయుడిగా తన ఓటమి అనీ చెప్పుకున్నాడు. అయినప్పటికీ ఆయన విమర్శకులు ఈ సంఘటనను పదేపదే ఎత్తిచూపారు.

చదివి వినిపించిన పుస్తకాలు

కాలనీకి వచ్చిన పిల్లలలో కొందరు పూర్తిగా నిరక్షరాస్యులు, మరికొందరు కష్టం మీద కూడబలుక్కొని చదవగలిగేవారు. పుస్తకాలు, దీపాలకు నూనె రెండూ కొరతే. అందువలన ఇక్కడి పుస్తక పఠనం చదివి వినిపించడంతో మొదలయింది. శీతాకాలపు సాయంత్రాలలో అందరూ పడకగదిలో చేరేవారు. ఎక్కువగా మకరెంకో స్వయంగా చదివేవాడు. కొంతకాలానికి జాదోరోవ్ కూడా చదివి వినిపించసాగాడు. కట్టెల విషయంలో దెబ్బ తిన్న యువకుడే మిగిలినవారికి పుస్తకం చదివి వినిపించే స్థితికి రావడం గమనించదగినది.

పుష్కిన్, కొరొలెంకో, మామిన్-సిబిర్యాక్, వెరెసాయెవ్ మొదలైనవారి రచనలను వీరు చదివారు. అన్నింటికంటే ఎక్కువగా చదివినవి గోర్కీ రచనలు. గోర్కీ తన బాల్యం గురించి వ్రాసిన "బాల్యం", దాని తరువాతి భాగమైన "మనుషుల మధ్య" అనే పుస్తకాలను పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. అర్ధరాత్రి వరకైనా చదవమని అడిగేవారు. చిన్నతనంలోనే తండ్రిని, కొంతకాలానికి తల్లిని పోగొట్టుకొని, తాత చేతిలో దెబ్బలు తిని, చెప్పుల దుకాణంలోను, ఓడ వంటగదిలోను పనిచేసి పెరిగిన కుర్రవాడి కథ అది. ఈ కథలోని కుర్రవాడు, దేశమంతటికీ పేరు తెలిసిన రచయిత ఒక్కరేనని మకరెంకో చెప్పినపుడు పిల్లలు మొదట నమ్మలేదు. నమ్మిన తరువాత, ఆయన తమవంటివాడేనన్న ఆలోచన వారిని కదిలించింది. ఆ రచయిత పేరుతోనే కాలనీని పిలవడం మొదలుపెట్టారు. అదే కాలక్రమంలో అధికారిక నామమై "గోర్కీ కాలనీ"గా స్థిరపడింది.

ఈ సాయంత్రాల ప్రాధాన్యతను మకరెంకో పాటించిన మరొక నియమంతో కలిపి అర్థం చేసుకోవలసి ఉంటుంది. కాలనీకి వచ్చిన పిల్లల గతం గురించి ఎవరూ అడగరాదని ఆయన నియమం. మొదట్లో వారి నేర చరిత్రకు సంబంధించిన కాగితాలను చదివేవాడు గానీ, కొంతకాలానికి వాటిని చూడటమే మానేశాడు. పాత నేరాన్ని గుర్తుచేస్తున్నంత కాలం పిల్లవాడు తనను నేరస్థుడిగానే చూసుకుంటాడని ఆయన అభిప్రాయం. ఆ విధంగా కాలనీలో గతం గురించి మాట అనేదే లేదు. కానీ ఆకలి, దెబ్బలు, అనాథతనం గోర్కీ పుస్తకంలో ఉన్నాయి. తమ కథను చెప్పవలసిన అవసరం లేకుండానే పిల్లలు మరొకరి కథలో దానిని విన్నారు. దానికి శిక్ష కాక వేరే ముగింపు కూడా ఉండవచ్చునని తెలుసుకున్నారు.

గోర్కీతో ఉత్తరాలు

1925లో కాలనీ పిల్లలు ఇటలీలోని సోరెంటోలో నివసిస్తున్న గోర్కీకి ఉత్తరం వ్రాశారు. గోర్కీ వెంటనే జవాబిచ్చాడు. అప్పటి నుండి మూడేళ్ళపాటు ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. కాలనీలోని ఒక్కొక్క దళం విడివిడిగా తమ ఉత్తరాన్ని వ్రాసుకునేది. కొద్దికాలం క్రితం వరకు అక్షరాలు రానివారికి కూడా ఇది వ్రాయడానికి ఒక నిజమైన కారణమయింది. మార్చి నెలలో గోర్కీ పుట్టినరోజును కాలనీలో పండుగగా జరుపుకునేవారు.

పఠనంతో పాటు నాటకాలు కూడా ఈ కాలనీలో ప్రధానమైన వ్యాపకం. ఒక్క శీతాకాలంలోనే సుమారు 40 నాటకాలు ప్రదర్శించినట్లు మకరెంకో వ్రాశాడు. ప్రవేశం ఉచితం. ఒకప్పుడు ఈ పిల్లల దొంగతనాలకు భయపడిన చుట్టుప్రక్కల గ్రామాల ప్రజలే ప్రేక్షకులుగా వచ్చేవారు. ప్రతి వారం కొత్త నాటకం వేయాలంటే వ్రాతప్రతులు చదవాలి, పాత్రలు కంఠస్థం చేయాలి. కాబట్టి ఈ వ్యాపకం కూడా చదువుకు తోడ్పడింది.

1923 నుండి కొందరు పిల్లలు కార్మికులను విశ్వవిద్యాలయ విద్యకు సిద్ధంచేసే పాఠశాలలలో ప్రవేశం పొంది ఖార్కోవ్ వెళ్ళడం మొదలయింది. వీరిలో ఒకడైన సెమ్యోన్ కలబాలిన్ తరువాత తానే బాలల గృహాలను నడిపిన విద్యావేత్తగా పేరు తెచ్చుకున్నాడు. "బోధనా కావ్యం"లోని కరబానోవ్ పాత్రకు ఇతడే మూలం.

కాలనీ నిర్వహణ

కాలనీ త్వరలోనే కొవలెవ్కా గ్రామం వద్ద ఉన్న పాత జమీందారీ ఎస్టేటుకు విస్తరించింది. అక్కడ పిల్లలు భవనాలను బాగుచేసి వ్యవసాయం, పశుపోషణ సాగించారు. పిల్లలను దళాలుగా విభజించారు. ఒక్కొక్క దళానికి ఒక నాయకుడు ఉండేవాడు. ఈ నాయకుల మండలి కాలనీ వ్యవహారాలను నిర్ణయించేది. ఇది కాక, ఒక్కొక్క పని కోసం కొద్ది రోజులకు మాత్రమే ఏర్పడే తాత్కాలిక దళాలు ఉండేవి. ఒక దళంలో నాయకుడైనవాడు మరొక దళంలో సామాన్య సభ్యుడిగా పనిచేయవలసి ఉండేది. అందువలన అధికారం కొద్దిమంది చేతిలోనే ఉండిపోయే అవకాశం తగ్గింది.

1926లో కాలనీని ఖార్కోవ్ సమీపంలోని కుర్యాజ్‌కు తరలించారు. అక్కడ ఒక పాత క్రైస్తవ మఠంలో సుమారు 280 మంది పిల్లలు అపరిశుభ్రత, దొంగతనాలు, కొట్లాటల మధ్య నివసిస్తున్నారు. పోల్టావా నుండి వచ్చిన సుమారు 120 మంది కాలనీవాసుల సహాయంతో మకరెంకో తక్కువ కాలంలోనే ఆ స్థలాన్ని చక్కదిద్దాడు.

1928 జూలైలో గోర్కీ స్వయంగా కుర్యాజ్ వచ్చి మూడు రోజులు పిల్లలతో గడిపాడు. పుస్తకంలోని మనిషి తమ భోజనశాలలో, తమ పొలంలో కనిపించడం పిల్లలకు మరపురాని సంఘటన. కానీ మకరెంకోకు అవి కాలనీలో చివరి రోజులు. ఆయన పద్ధతులు సైనిక శిక్షణను పోలి ఉన్నాయని ఉక్రెయిన్ విద్యాశాఖ అధికారులు ఆక్షేపించారు. అదే సంవత్సరం మే నెలలో జరిగిన యువజన కమ్యూనిస్టు సంఘం మహాసభలో లెనిన్ భార్య క్రూప్స్‌కయా కూడా ఈ కాలనీని తీవ్రంగా విమర్శించింది. 1928 సెప్టెంబరులో మకరెంకో గోర్కీ కాలనీని విడిచిపెట్టాడు.

జెర్జిన్‌స్కీ కమ్యూన్

అప్పటికే 1927 డిసెంబరులో ఖార్కోవ్ శివార్లలో జెర్జిన్‌స్కీ కమ్యూన్ ప్రారంభమై ఉంది. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థ స్థాపకుడైన ఫెలిక్స్ జెర్జిన్‌స్కీ స్మారకంగా ఉక్రెయిన్ రహస్య పోలీసు ఉద్యోగులు తమ జీతాల నుండి విరాళాలు పోగుచేసి దీనిని కట్టించారు. గోర్కీ కాలనీ నుండి వచ్చిన కొన్ని పదుల మంది పిల్లలతో ఇది మొదలయింది. మకరెంకో 1935 వరకు ఇక్కడ పనిచేశాడు.

పోల్టావా కాలనీలో ఒక దీపం, ఒక పుస్తకం చుట్టూ చేరినవారికి ఇక్కడ గ్రంథాలయం లభించింది. కమ్యూన్ భవనంలో రెండు రకాల క్లబ్బు గదులు ఉండేవి. సభలు, నాటకాలు, సంగీతం కోసం ఒక పెద్ద హాలు. దీనికి భిన్నంగా నిశ్శబ్దంగా చదువుకోవడానికి, చదరంగం వంటి ఆటలు ఆడుకోవడానికి మరొకటి. ఈ రెండవదానిని "నిశ్శబ్ద క్లబ్బు" అని పిలిచేవారు. ఇక్కడ గట్టిగా మాట్లాడరాదన్న నియమాన్ని పిల్లలే కాపాడుకునేవారు. పదులకొద్దీ పిల్లలు ఒకే గదిలో పడుకొని, ఒకే భోజనశాలలో తిని, ఒకే కర్మాగారంలో పనిచేసేచోట ఒంటరిగా పుస్తకంతో కూర్చునే స్థలం ఉండటం విశేషం. వ్యక్తి కంటే సమష్టికే ప్రాధాన్యత ఇచ్చాడని పేరుపడిన మకరెంకో సంస్థలో ఇది ఉన్నదన్న సంగతి తరచు మరుగునపడుతుంది. కమ్యూన్‌లో పిల్లలే గోడపత్రికను కూడా నడిపేవారు.

కమ్యూన్ పిల్లలు రోజుకు నాలుగు గంటలు కర్మాగారంలో పనిచేసి, మిగిలిన సమయంలో మాధ్యమిక పాఠశాల చదువు చదివేవారు. మొదట కుర్చీలు, బల్లలు వంటివి తయారుచేసేవారు. 1932 నుండి విద్యుత్తుతో పనిచేసే రంధ్ర యంత్రాలు, 1934 నుండి కెమెరాలు పెద్ద ఎత్తున తయారయ్యాయి. జర్మనీలో తయారయ్యే లైకా కెమెరాకు అనుకరణ అయిన ఈ కెమెరాకు జెర్జిన్‌స్కీ పూర్తిపేరులోని మొదటి అక్షరాలతో "ఫెద్" అని పేరు పెట్టారు. పిల్లలకు జీతాలు ఇచ్చేవారు. కమ్యూన్ ప్రభుత్వ సహాయం అవసరం లేకుండా తన ఖర్చులు తానే భరించగలిగింది.

బోధనా సిద్ధాంతాలు

మకరెంకో సిద్ధాంతాలలో ముఖ్యమైనవి ఇవి:

* పిల్లవాడిని ఎంత గౌరవిస్తే అతని నుండి అంత ఎక్కువగా ఆశించవచ్చు. ఏమీ ఆశించకపోవడం గౌరవించకపోవడమే.
* ఉపాధ్యాయుడు ఒక్కొక్క పిల్లవాడిని విడిగా సంస్కరించబోవడం కంటే మంచి సమష్టిని నిర్మించడం ముఖ్యం. ఆ సమష్టియే పిల్లవాడిని మారుస్తుంది.
* మనిషికి రేపటి కోసం ఎదురుచూడటానికి ఏదో ఒక ఆనందం ఉండాలి. చిన్న ఆనందాల నుండి పెద్ద ఆశయాల వరకు పిల్లలను నడిపించాలి.
* నేరం చేసిన బాలుడు ప్రత్యేకమైన జాతికి చెందినవాడు కాదు. అతనికి మామూలు పిల్లలకు కావలసిన చదువు, పని, వినోదమే కావాలి.

చివరి సూత్రమే ఆయన పుస్తకాల ఎంపికలో కనిపిస్తుంది. నేరస్థుల కోసం ప్రత్యేకంగా వ్రాసిన నీతి పుస్తకాలతో సరిపెట్టుకోకుండా, దేశంలోని ఇతర పాఠకులు చదివే పుష్కిన్‌ను, కొరొలెంకోను, గోర్కీని వారికి వినిపించాడు.

రచనా వ్యాసంగం

గోర్కీ ప్రోత్సాహంతో మకరెంకో మళ్ళీ కలం పట్టాడు. 1925లో ప్రారంభించిన "బోధనా కావ్యం" 1933-35 మధ్య గోర్కీ సంపాదకత్వంలోని సంకలనాలలో మూడు భాగాలుగా వెలువడింది. ఆయన ఈ గ్రంథాన్ని గోర్కీకే అంకితమిచ్చాడు. ఈ నవల ఆంగ్లానువాదానికి "జీవన మార్గం" అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. 1931లో నికోలాయ్ ఎక్ దర్శకత్వంలో అదే పేరుతో వచ్చిన సోవియట్ చలనచిత్రం మరొక కమ్యూన్‌కు సంబంధించినది. దానికి మకరెంకో నవలతో సంబంధం లేదు. "బోధనా కావ్యం" ఆధారంగా 1955లో చలనచిత్రం వచ్చింది.

ముఖ్య రచనలు:

* 1930వ సంవత్సరపు కవాతు (1932)
* బోధనా కావ్యం (1933-35)
* తల్లిదండ్రుల కోసం పుస్తకం (1937)
* గోపురాలపై జెండాలు (1938)

చివరి రోజులు

1935లో మకరెంకో గలీనా సల్కోను వివాహమాడాడు. 1935లో ఆయనను కీవ్ నగరానికి బదిలీ చేసి, ఉక్రెయిన్ ఆంతరంగిక శాఖలో కార్మిక కాలనీల విభాగానికి ఉపాధికారిగా నియమించారు. కొంతకాలం కీవ్ సమీపంలోని బ్రొవరీలో బాల నేరస్థుల కాలనీని కూడా నిర్వహించాడు. 1937లో మాస్కో చేరి పూర్తికాలం రచనలకు, ఉపన్యాసాలకు వినియోగించాడు. 1939 జనవరిలో సోవియట్ ప్రభుత్వం ఆయనకు శ్రామిక ఎర్రజెండా పురస్కారాన్ని ప్రకటించింది. ఆ తరువాత రెండు నెలలకే, ఏప్రిల్ 1న, మాస్కో సమీపంలోని గొలిత్సినో స్టేషనులో రైలులో గుండెపోటుతో మరణించాడు. మాస్కోలోని నొవోదేవిచి శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

విమర్శలు, ప్రభావం

బ్రతికున్నంతకాలం అధికారుల విమర్శలు ఎదుర్కొన్న మకరెంకోను మరణానంతరం సోవియట్ ప్రభుత్వం ఆదర్శ విద్యావేత్తగా నిలబెట్టింది. ఆయన పద్ధతులు తూర్పు ఐరోపా దేశాలలో ఉపాధ్యాయ శిక్షణలో భాగమయ్యాయి. పశ్చిమ జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో 1968 నుండి ఆయన జీవితం, రచనలపై విస్తృతంగా పరిశోధన జరిగింది. "బోధనా కావ్యం" నవల అయినందున అందులోని పేర్లను, సంఘటనల క్రమాన్ని యథాతథంగా చరిత్రగా తీసుకోరాదని పరిశోధకులు చూపించారు. పూర్వపు ముద్రణలలో తొలగించిన భాగాలతో 2003లో ఈ నవల పూర్తి పాఠం రష్యాలో వెలువడింది.

సైనిక తరహా క్రమశిక్షణ, వ్యక్తి కంటే సమష్టికి ప్రాధాన్యత, రహస్య పోలీసు శాఖ ఆధ్వర్యంలో పనిచేయడం ఆయనపై ఉన్న ప్రధానమైన విమర్శలు. బాలలతో కర్మాగారంలో ఉత్పత్తి చేయించడాన్ని కూడా కొందరు తప్పుపట్టారు. ఆయన విజయానికి పద్ధతి కారణమా, లేక ఆయన వ్యక్తిత్వం కారణమా అన్న చర్చ కూడా ఉంది. ఈ చర్చకు కాలనీ సాయంత్రాలు కొంతవరకు జవాబిస్తాయి. మొదట పుస్తకం చదివినది ఉపాధ్యాయుడే అయినా, తరువాత జాదోరోవ్ చదివాడు. కమ్యూన్ కాలానికి చదువుకునే గదిలో నిశ్శబ్దాన్ని కాపాడినవారు కూడా పిల్లలే.